అర... చేతికందాలి!

ముప్ఫై రెండు అడుగుల తెరచాప పడవ. అందులో పద్నాలుగు అరలు. అన్నీ నిండుగానే ఉంటాయి. కావలసినప్పుడు మాత్రం ఏదీ చేతికి అందదు! అమెరికాలో స్థిరపడిన ఓ తెలుగు జంట, ఆ పడవను అమ్మేద్దామనుకుని చివరికి రంపం పట్టుకున్న వైనమిది.

సామాను దాచుకోవడం మనకు కొత్తేమీ కాదు. అటక మీద పెళ్లినాటి ఇత్తడి గంగాళం, మంచం కింద ట్రంకుపెట్టె, మెట్ల కింద పాత పేపర్ల కట్టలు... ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. అటక మీది వస్తువు దించాలంటే ఒక స్టూలు కావాలి, ఆ స్టూలు కదలకుండా పట్టుకోవడానికి మరో మనిషి కావాలి. అందుకే ‘రేపు చూద్దాంలే’ అనుకుంటాం. ఇంట్లో అయితే దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. గంగాళం ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. కాళ్ల కింద నేల ఎక్కడికీ పోదు.

పడవలో అలా కుదరదు. అక్కడ ‘రేపు’ అనే మాటకు అర్థం వేరు.

మిగిలిన చోటే అర!

తెరచాప పడవలో తిన్నని గోడ ఒక్కటీ ఉండదు. పొట్ట వంపుగా ఉంటుంది, ముందుకు పోయేకొద్దీ ముక్కులా సన్నబడుతుంది. ఆ వంపులోనే పడకలు, పొయ్యి, ఇంజిను, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అన్నీ ఇమడాలి. అవన్నీ పెట్టాక మూలమూలలా కొంచెం కొంచెం చోటు మిగులుతుంది. దానికో మూత పెట్టి ‘లాకర్’ అని పేరు పెడతారు. అంటే ఆ అరల్లో చాలావాటిని ఎవరూ కావాలని కట్టలేదు. మిగిలిపోయాయి, అంతే. అందుకే వాటి లోతెక్కువ, మూతి చిన్న. కొన్నింటిలోకి మోచేతిదాకా పెట్టొచ్చు. కొన్నింటిలోకి తలకిందులుగా దూరాలి!

ఆయనది కాకినాడ. ఆవిడది అమలాపురం. ఎనభైల్లో ఉద్యోగం కోసం అమెరికా వెళ్లి మేరీల్యాండ్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. వాళ్ల ఇంటికి దగ్గర్లోనే చెసపీక్ అఖాతం. ఉత్తర దక్షిణాలుగా 300 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ నీళ్లలో వేసవి వస్తే ఎటు చూసినా తెల్లటి తెరచాపలే. ఉప్పుటేటి గాలి పీల్చి పెరిగిన మనిషికి అది చూసి చెయ్యి ఊరుకుంటుందా? 2011లో ఓ సెకండ్‌హ్యాండ్ పడవ కొన్నారు. 1981లో తయారైన ఫైబర్‌గ్లాస్ పడవ. అప్పటికి కొడుక్కి పద్నాలుగేళ్లు. శని, ఆదివారాలు ముగ్గురూ పడవలోనే.

ఏళ్లు గడిచాయి. కొడుకు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాడు. ఆయనకు అరవై దాటాయి. నడుముకి ఆపరేషన్ అయ్యింది. వంగడం కష్టమైంది. ఆవిడకు మణికట్టు నొప్పులు. పడవ మాత్రం ఏటేటా బరువెక్కుతూనే ఉంది. పాత ఓనరు వదిలేసిన పెయింటు డబ్బాలు, కొడుకు స్కూలు రోజుల గాలం కర్ర, ఎప్పటికైనా పనికొస్తాయని దాచిన తాళ్లు, రెండు పాత కుక్కర్లు, పని చేయని ఒక పొయ్యి... ‘ఉండనీ, చోటుందిగా’ అనేవారాయన.

అర నిండా చీకటి

అది జులై నెల. సాయంత్రం గాలి పడిపోయింది. తెరచాప దించి, ఇంజిను మీద రేవుకి తిరిగొస్తున్నారు. అడుగున చేరే నీటిని తోడిపోసే బిల్జ్ పంపు మామూలుగా ఎప్పుడో ఒకసారి మోగి ఆగిపోతుంది. ఆ రోజు మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఆయన ఇంజిను మూత తెరిచి చూశారు. ఇంజినుని చల్లబరిచే నీళ్లు బయటినుంచి ఓ గొట్టం ద్వారా లోపలికి వస్తాయి. ఆ గొట్టం చీలిపోయింది. నీళ్లు ధారగా పడవలోకి వస్తున్నాయి.

ముప్పావు అంగుళం రంధ్రమే కదా అనిపిస్తుంది. కానీ అది నీటిమట్టానికి రెండడుగుల కింద ఉంటే నిమిషానికి 30 లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు లోపలికి తోస్తుంది. అంటే మూడు నాలుగు నిమిషాలకు ఓ డ్రమ్ము! ఆపడానికి మార్గం సులువే. గొట్టం మొదట్లో, పడవ పొట్టకి బిగించి ‘సీకాక్’ అనే కవాటం ఉంటుంది. దాని పిడి పావుచుట్టు తిప్పితే చాలు.

చిక్కల్లా ఆ పిడి ఎక్కడుందనేదే! వెనకవైపు కూర్చునే బల్ల కింద లోతైన అర ఉంది. ఆ అర అడుగున, ఆ మూలన ఉంది. దాని మీద ఓ అదనపు తెరచాప సంచి, తాళ్ల చుట్టలు, రేవుకి పడవ రాసుకోకుండా వేలాడదీసే గాలిబుడగలు, నీళ్ల పైపు, బకెట్లు, మడత సైకిలు...

‘‘మీరు వంగకండి, నేను దిగుతాను’’ అన్నారావిడ. ఇంజిను ఆపేశారు. ఇద్దరూ కలిసి సామానంతా బయటికి లాగారు. ఆవిడ సన్నగా ఉంటారు కాబట్టి అరలోకి దిగి కూర్చుని, ముందుకి పాకి చెయ్యి చాచారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూద్దామని ఆయన కిందికి వెళ్లారు. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఓ మోటారు పడవ వేగంగా వెళ్లింది. దాని అలకి పడవ పక్కకి ఊగింది. నిలబెట్టిన బరువైన మూత ఠపీమని పడింది. మూతకున్న గడియ దానంతటదే కొక్కెంలోకి జారి కూర్చుంది.

లోపల చీకటి. కింద నీళ్ల చప్పుడు. ఆవిడ పిలిచారు. పంపు మోతలో ఆయనకు వినిపించలేదు. మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లోనే ఆవిడ తడుముకుంటూ పిడి పట్టుకుని, ఏళ్లుగా తిప్పక బిగుసుకుపోయిన దాన్ని రెండు చేతులతో తిప్పారు. ధార ఆగింది. ఆయన పైకొచ్చి మూత తీసేసరికి ఆవిడ ముఖం పాలిపోయి ఉంది. ‘‘ఏవండీ... మీరు కూడా కింద జారి పడుంటే?’’ అని మాత్రం అన్నారు.

సంగతి విన్న కొడుకు ఒకటే మాట... ‘‘అమ్మేయండి నాన్నా.’’

అడుగుకి చేరేవి ఏవి?

పడవని అమ్మకానికి పెడదామనే అనుకున్నారు. కొనేవాళ్లకి చూపించాలంటే ముందు ఖాళీ చేయాలి కదా! సెప్టెంబరులో ఓ శనివారం పద్నాలుగు అరలూ జెట్టీ మీద గుమ్మరించారు. ఆయన మెకానికల్ ఇంజినీరు. ఊరికే సర్దడం చేతకాదు, లెక్క ఉండాలి. అందుకని సామాన్ని నాలుగు కుప్పలుగా పోశారు. రోజూ వాడేవి. వారానికోసారి వాడేవి. ఏడాదికోసారి వాడేవి. నాలుగోది... ఎప్పుడూ అక్కర్లేనివి, కానీ అవసరం పడితే అరనిమిషంలో చేతిలో ఉండాల్సినవి. మంటలార్పే సిలిండరు, లైఫ్ జాకెట్లు, చేతిపంపు, రంధ్రం పూడ్చే చెక్క బిరడాలు, టార్చి, మందుల పెట్టె.

అప్పుడు కనిపించింది అసలు లోపం. ఆ నాలుగో కుప్పలోవన్నీ దాదాపుగా అరల అడుగునుంచే వచ్చాయి! ఇందులో వింత లేదు. వాడే వస్తువు పైన ఉంటుంది, వాడనిది మెల్లగా అడుగుకి చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కావలసినవన్నీ మామూలు రోజుల్లో వాడనివే. కాబట్టి ఏ అరనైనా దాని మానాన దాన్ని వదిలేస్తే, ముందు కావలసింది చివర దొరుకుతుంది.

ఐదో కుప్ప కూడా ఒకటి తేలింది. ఇంటికి పంపాల్సింది. బాత్రూమ్‌లో బరువు చూసుకునే మిషన్ తెచ్చి తూచారు. 140 కిలోలు! కుక్కర్లు, పెయింటు డబ్బాలు, పని చేయని పొయ్యి అన్నీ అందులోకి పోయాయి. గాలం కర్రని మాత్రం ఆవిడ మళ్లీ పడవలోకి చేర్చారు. దాన్నేమీ అనే ధైర్యం ఆయనకి లేకపోయింది.

ఖాళీ అయిన పడవని చూస్తూ ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. ‘‘ముసలిదైపోయింది పడవ కాదు, ఆ మూతలు’’ అన్నారాయన. అంతే, అమ్మకం ఆగిపోయింది.

ముందు అట్ట... తర్వాతే రంపం

చెసపీక్‌లో చలికాలం కొన్నిచోట్ల, ఒక్కోసారి నీళ్లు గడ్డ కడతాయి. చాలామంది పడవల్ని ఒడ్డుకి ఎత్తి స్టాండ్ల మీద నిలబెడతారు. ఆ నెలలన్నీ వాళ్లకు కొలతలకి, గ్యారేజీలో చెక్కపనికి సరిపోయాయి.

అన్నిటికంటే ముందు ఆ సీకాక్. దానికి పైనుంచి దిగకుండా దారి ఉందా? ఉంది! క్యాబిన్‌లో వెనకవైపు పడకకి తలాపున ఉన్న ప్లైవుడ్ పలకకు అవతలే ఆ పిడి. పలకకి ఓ చిన్న తలుపు పెడితే పడక మీద కూర్చునే దాన్ని తిప్పొచ్చు. నలభై ఏళ్లుగా చెయ్యెడు దూరంలో ఉన్నదాని కోసం తలకిందులుగా దిగుతున్నారన్నమాట!

అయితే పడవలో ఎక్కడపడితే అక్కడ రంపం పెట్టకూడదు. కొన్ని పలకలు అడ్డుతెరలు మాత్రమే. కొన్ని మాత్రం పడవకి పక్కటెముకలు. ఫైబర్‌గ్లాస్ గుడ్డతో పొట్టకి అతికించిన అడ్డగోడలు, తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగలు బిగించిన చోట్లు బరువు మోస్తాయి. వాటిని కోస్తే పడవే బలహీనపడుతుంది. ఈ పలక స్క్రూలతో బిగించిన మామూలు అడ్డమేనని తేల్చుకున్నాకే ఆయన ముందుకెళ్లారు.

తలుపు కొలత ఎంత? ఇక్కడ టేపు కన్నా మనిషే ముఖ్యం. అట్టపెట్టె కోసి పలకకి అంటించి, ఆవిడని చెయ్యి పెట్టి చూడమన్నారు. ‘‘భుజం పట్టాలి, చేతిలో స్పానర్ ఉన్నా తిరగాలి’’ అన్నారావిడ. మూడుసార్లు అట్ట మార్చాక 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు దగ్గర కుదిరింది. నాలుగు మూలలూ మంచినీళ్ల గ్లాసు బోర్లించి గుండ్రంగా గీశారు. అందం కోసం కాదు. పడవ ఎప్పుడూ అటూ ఇటూ మెలితిరుగుతూ ఉంటుంది. చదరపు మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. కోసిన అంచులకు మూడు పూతలు ఎపాక్సీ. ప్లైవుడ్ తడి పీల్చేది అంచులనుంచే మరి. చలిలో ఎపాక్సీ సరిగా గట్టిపడదు కాబట్టి ఆ పని ఏప్రిల్ దాకా ఆగింది. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, నాలుగు గడియలు. పై అరలోకి కెరటం నీళ్లు వచ్చినా పడక తడవదు.

ఇక ఆ పెద్ద మూత. కారు డిక్కీని పట్టుకునే గ్యాస్ కడ్డీలాంటివి రెండు బిగించారు. అవి మొరాయిస్తే ఉంటుందని ఓ తాడు కొక్కెం కూడా. దానంతటది పడే గడియ తీసేసి, చేత్తో తిప్పితేనే పడే గడియ పెట్టారు. లోపలినుంచీ తెరవడానికి వీలుండేలా చూశారు. చెప్పకుండా ఎవరూ అరలోకి దిగకూడదన్నది కొత్త నియమం. పడవ ఒడ్డున ఉండగానే సీకాక్‌లన్నీ విప్పి శుభ్రం చేశారు. నెలకోసారి తిప్పి చూడటం కూడా అలవాటు చేసుకున్నారు. ఒక్కోదాని పక్కనే సరిపోయే చెక్క బిరడాని దారంతో వేలాడదీశారు. సముద్రంలో పోటీలకు వెళ్లే పడవలకు అంతర్జాతీయ భద్రతా నియమాల్లో ఇదీ ఒకటి.

చేద లాగినట్టు...

మిగతా అరలకు తలా ఒక చిట్కా. కూర్చునే సోఫాల కింద అర తెరవాలంటే అందరూ లేవాలి, పరుపు ఎత్తాలి, పొడవాటి పలక తీయాలి. టీపొడి కోసం ఇంత తంతు! అందుకని సోఫా ముందువైపు తలుపులు కోశారు. కింద నాలుగంగుళాల గట్టు వదిలేశారు. పడవ ఒరిగినా డబ్బాలు దొర్లిపోకుండా ఆ గట్టు ఆపుతుంది. వంటచోట సొరుగులకి అడుగున చిన్న గాడి పెట్టారు. కొద్దిగా పైకెత్తి లాగితేనే వస్తాయి. అలకి వాటంతటవి తెరుచుకోవు.

పడవ ముక్కు దగ్గరి అర మూడు మూలలుగా, బారెడు లోతు. దాని కొసన ఏముందో దేవుడికే తెలియాలి. అక్కడ ఓ ప్లాస్టిక్ క్రేటు పెట్టి దానికి తాడు కట్టారు. తాడు లాగితే బావిలో చేద వచ్చినట్టు క్రేటు బయటికొస్తుంది. అందులో తేలికైనవే పెట్టాలి. ముక్కు బరువెక్కితే ప్రతి అలకీ పడవ తల కొట్టుకుంటుంది. బరువైనవన్నీ కిందికి, మధ్యకి.

పొట్టకి ఆనుకుని పెట్టిన గుడ్డలు చెమ్మకి బూజు పడతాయి. అరల అడుగున, పక్కన సన్న బద్దలు కొట్టి గాలాడనిచ్చారు. డబ్బాల ఆహారం మీది కాగితాలు తడిసి ఊడి, బిల్జ్ పంపులో అడ్డం పడతాయి. వాటిని ముందే పీకేసి మూత మీద మార్కరుతో పేరు రాశారు. ఆవకాయ గాజు సీసా నుంచి ప్లాస్టిక్ సీసాలోకి మారింది. గ్యాస్ సిలిండరు అర జోలికి మాత్రం పోలేదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే అడుగుకి చేరుతుంది. అందుకే దాని అర క్యాబిన్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండాలి, అడుగున రంధ్రం సముద్రంలోకే తెరుచుకోవాలి.

మొత్తం ఖర్చు 250 డాలర్లలోపే. పట్టింది మాత్రం ఎనిమిది నెలలు.

సముద్రం నేర్పిన సర్దుబాటు

అఖాతంలో తిరిగే పడవకే ఇంత కథ ఉంటే, ప్రపంచం చుట్టి వచ్చినవాళ్ల మాటేమిటి? 1968 జూన్ 14న రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ ఇంగ్లండ్‌లోని ఫాల్‌మత్ నుంచి ఒంటరిగా బయల్దేరి, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి 312 రోజులకు తిరిగొచ్చాడు. అలా చేసిన తొలి మనిషి అతనే. అతని పడవ ‘సుహైలీ’ ముంబయిలో టేకుతో కట్టింది. పొడవు 32 అడుగులే! దాదాపు ఏడాదికి సరిపడే తిండి, పరికరాలు అందులోనే. దారిలో ట్యాంకుల్లో నీళ్లు పాడైతే వాన నీళ్లు పట్టుకున్నాడు.

మన నౌకాదళం పడవ ‘తరిణి’ కథ తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. గోవాలో తయారైన ఆ 17 మీటర్ల పడవలో 2017 సెప్టెంబరు 10న ఆరుగురు మహిళా అధికారులు బయల్దేరారు. వాళ్లలో పి.స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాద్. 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరారు. న్యూజిలాండ్ నుంచి ఫాక్‌లాండ్ దీవుల దాకా దాదాపు 40 రోజులు కనుచూపు మేరలో దుకాణం అన్నదే లేదు. ఆరుగురి తిండి, మందులు, విడిభాగాలు అన్నీ అరల్లోనే! మళ్లీ అదే పడవలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా ఇద్దరే బయల్దేరి 2025 మే 29న తిరిగొచ్చారు.

సర్దుబాటు ఎంత ముఖ్యమో సముద్రం ఒక్కోసారి కఠినంగానే చెబుతుంది. 1979 ఆగస్టులో ఇంగ్లండ్ దగ్గర జరిగిన ఫాస్ట్‌నెట్ పోటీలో తుపాను విరుచుకుపడి 15 మంది పోటీదారులు చనిపోయారు. పడవ బోర్లపడినంత పని అయితే బ్యాటరీ, పొయ్యి, పనిముట్ల పెట్టె అన్నీ గాల్లో లేస్తాయి. అందుకే సముద్రపు పోటీల నియమాల్లో బరువైనవన్నీ కదలకుండా బిగించాలని, రక్షణ సామాను ఏది ఎక్కడుందో చూపే పటాన్ని తడవని కాగితం మీద గీసి అందరికీ కనిపించేలా పెట్టాలని ఉంది.

ఐదే తెలుసు!

ఆ పటం గీసే పని ఆవిడ తీసుకున్నారు. అరలకు 1 నుంచి 14 దాకా అంకెలు వేశారు. లోపలేముందో రాయబోతే ఓ సంగతి బయటపడింది. పద్నాలుగు అరల్లోనూ ఏముందో ఆయనకు తెలుసు. ఆవిడకు తెలిసినవి ఐదే! పదేళ్లకు పైగా ఒకే పడవలో తిరుగుతున్నారు. ఏది కావాలన్నా ‘‘ఏవండీ, ఫలానాది ఎక్కడ?’’ అని అడగడం, ఆయన తీసివ్వడం. చెయ్యి అందకపోవడం ఒక్కటే కాదు, జాడ తెలియకపోవడం కూడా మూత పడినట్టే. ఆయన ఎప్పుడైనా స్పృహ తప్పితే? మిగతా తొమ్మిది అరలూ ఉన్నా లేనట్టే.

అందుకని ఓ పూటంతా ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఒక్కో అరా తెరిచి, సామాను తీసి, తనకు వీలైన వరసలో మళ్లీ పెట్టుకున్నారు. ‘‘అది అక్కడ కాదోయ్’’ అని ఆయన నోటిదాకా వచ్చిన ప్రతిసారీ ఆపుకున్నారట. పటం తెలుగులోనే రాశారు, పక్కన కొడుకు కోసం, సాయానికి వచ్చే బయటివాళ్ల కోసం ఇంగ్లిషులో. ప్లాస్టిక్ తొడుగు వేయించి మెట్ల పక్కన బిగించారు.

ఆ తర్వాతి ఆదివారం ఇంట్లో ఆవిడ బీరువా ముందు కూర్చున్నారు. బీమా కాగితాలు, బ్యాంకు ఖాతాలు, కాకినాడ ఇంటి దస్తావేజులు... ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు. ఆయన బీపీ మందుల చీటీ, కొడుకు పుట్టినప్పటి కాగితాలు, పప్పులు ఉప్పుల లెక్క ఆవిడకే తెలుసు. ఇద్దరూ సాయంత్రం దాకా ఒకరికొకరు చెప్పుకుంటూ నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఇప్పుడా పడవలో పటం చూసినవాళ్లు ఓ అనుమానం అడుగుతుంటారు. అరలు పద్నాలుగే కదా, చివర పదిహేనో నంబరు ఏమిటని. దాని ఎదురుగా ఆవిడ చేతిరాతలో ఇలా ఉంటుంది... ‘ఇంట్లో బీరువా, పై అర, నీలం ఫైలు.’